పాత ఇనుములోంచి మీ సొంత ఉలి

తరిణె పని నేర్చుకోవాలనుకునేవాళ్లలో చాలామంది ఒకే చోట ఆగిపోతారు. చెక్క దొరుకుతుంది. చిన్న లేత్ మిషన్ తెలిసిన వడ్రంగి దగ్గరో, సెకండ్‌హ్యాండ్‌లోనో దొరుకుతుంది. ఉలుల సెట్టు ధర అడిగేసరికి మాత్రం ఉత్సాహం చల్లబడుతుంది. "ఇంకాస్త డబ్బు చేరాక చూద్దాంలే" అనుకుంటారు. ఆ చేరడం ఎప్పటికి? మీరూ అక్కడే ఆగి ఉంటే ఈ అధ్యాయం మీకోసమే.

ముందే ఒక మాట. లేత్ మీద వాడే ఉలులన్నీ ఇంట్లో చేసుకోదగినవి కావు. నలుపలకల కర్రను గుండ్రం చేసే గౌజ్ ఒక్కటీ కొనుక్కోండి. దాని మీద పడే దెబ్బలు గట్టివి, దాని గాడిని సరిగ్గా తీయడం ఇంట్లో అయ్యే పని కాదు. మిగిలిన మూడింటిని మీరే చేసుకోవచ్చు: చెక్కను సన్నటి గాడిగా కోసి విడదీసే పార్టింగ్ టూల్, గీకి నునుపు చేసే స్క్రేపర్, లోపల తొలిచే కొక్కెం ఉలి. ఒక కొన్న గౌజ్, మూడు సొంత ఉలులు ఉంటే బొంగరం, పప్పుగుత్తి, చపాతీ కర్ర, కుంకుమ బరిణె అన్నీ చేయగలరు. ఇంతకన్నా ఏం కావాలి, మొదలుపెట్టడానికి?

ముందు ఉక్కు సంగతి తేల్చుకోండి

పాత సామాను కొట్టుకు వెళ్తే చేతికి దొరికిన ప్రతి కడ్డీ ఉలిలాగే కనిపిస్తుంది. ఇక్కడే మొదటి తప్పు జరుగుతుంది. ఇల్లు కట్టగా మిగిలిన టీఎంటీ కడ్డీ ముక్క తెచ్చి, రోజంతా సాన పట్టి, మొన తీసి, లేత్ దగ్గరికి వెళ్తారు. రెండు నిమిషాల్లో అంచు మడత పడుతుంది. అది సాన పట్టడం రాక జరిగింది కాదు. ఆ కడ్డీలో కార్బన్ 0.3 శాతానికి మించదు. అంత తక్కువ కార్బన్ ఉన్న ఇనుమును ఎంత కాల్చినా, ఎంత ముంచినా అంచు నిలిచేంత గట్టిపడదు.

ఏ ఇనుము ఏదో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. కళ్లద్దాలు పెట్టుకుని, కాస్త చీకటిగా ఉన్న చోట సాన చక్రానికి ఆనించి నిప్పురవ్వలు చూడండి.

1. రవ్వలు పొడుగ్గా, తిన్నగా గీతల్లా పోయి, చివర పెద్దగా చీలకపోతే అది మెత్తని ఇనుము. టీఎంటీ కడ్డీ, కిటికీ ఊచ ఈ కోవలోవి. ఉలి అంచుకు పనికిరావు.

2. రవ్వలు తెల్లగా, దగ్గరగా చిట్లుతూ కొమ్మలు కొమ్మలుగా పూస్తే అందులో కార్బన్ బాగా ఉంది. పాత ఆకురాళ్లు, బేరింగు రింగులు ఇలా పూస్తాయి.

3. రవ్వలు కొద్దిగా, మసక ఎరుపులో, చిట్లకుండా వస్తే అది హై స్పీడ్ స్టీల్. అది దొరికితే వదలకండి.

పక్కన తెలిసిన ముక్కలు రెండు పెట్టుకుని పోల్చి చూడండి. ఒక మేకు, ఒక అరిగిన ఆకురాయి చాలు. నాలుగైదుసార్లు చూస్తే కంటికి అలవాటైపోతుంది.

చూడగానే మోసపోయే సామాను కొంత ఉంది. బైకు షాక్ అబ్జార్బర్ రాడ్డు తళతళలాడుతుంది, ఆకురాయికి లొంగదు. కానీ దాని గట్టిదనం పైపొరకే పరిమితం. సాన పట్టి ఆ పొర దాటారంటే లోపల మెత్తన. పైగా పైన క్రోమ్ పూత ఉంటుంది. దాన్ని రాపిడి చేసినా, కాల్చినా వచ్చే ధూళి, పొగ ఊపిరితిత్తులకు ప్రమాదం. జింకు పూత పూసిన గాల్వనైజ్డ్ సామాను కొలిమిలో పెడితే వచ్చే తెల్లటి పొగ పీల్చినవాళ్లకు చలిజ్వరం వస్తుంది. పూత ఉన్న ఇనుమును కాల్చకండి. చేత్తో కోసే హ్యాక్సా బ్లేడు సంగతీ ఇలాంటిదే: బైమెటల్ రకంలో పళ్లకే గట్టి ఉక్కు, ఒళ్లంతా వంగే ఉక్కు. లేత్‌కు అది మరీ పలుచన కూడా.

మొదటి ఉలి: కాల్చే పని లేనిది

కొత్తగా చేసేవాళ్లు చాలామంది నేరుగా కొలిమి వైపు పరుగెడతారు. కాల్చి, ముంచి, రంగులు చూడటంలో ఒక ఆకర్షణ ఉంది, కాదనను. అయినా నా సలహా ఇది: మొదటి ఉలిని అసలు కాల్చకుండా చేయండి. అప్పటికే గట్టిపడి ఉన్న ఉక్కు తీసుకుని ఆకారం మాత్రం మార్చుకోండి. తప్పు జరిగే చోట్లు సగానికి సగం తగ్గిపోతాయి.

అలాంటి ఉక్కు ఎక్కడ ఉంటుంది? మీ ఊళ్లో కోతమిల్లు ఉంటే అక్కడ. ప్లేనర్ మిషన్ బ్లేడ్లు కొన్నాళ్లకు అరిగి పొట్టివైపోతాయి, మిషన్‌లో బిగించడానికి అందవు. అప్పుడు మూలన పడేస్తారు. మంచి బ్లేడ్లు హై స్పీడ్ స్టీల్‌వి, సుమారు 3 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. పార్టింగ్ టూల్‌కు సరిగ్గా కావలసిన మందం అదే. హైదరాబాద్‌లో ఉంటే బాలానగర్, జీడిమెట్ల మిషన్ షాపుల్లో విరిగిన పవర్ హ్యాక్సా బ్లేడ్లు అడగండి. ఒళ్లంతా హై స్పీడ్ స్టీల్ అయితే అవీ పనికొస్తాయి. ఒక చిన్న జాగ్రత్త: కొన్ని ప్లేనర్ బ్లేడ్లలో అంచు దగ్గర మాత్రమే గట్టి ఉక్కును అతికించి ఉంటారు. బ్లేడు వెడల్పంతా రెండు మూడు చోట్ల రవ్వలు చూడండి. అన్నిచోట్లా ఒకేలా వస్తే నిశ్చింతగా తీసుకోండి.

ఇక చేసే తీరు.

1. బ్లేడు పాత అంచుకు మందపాటి గుడ్డో టేపో చుట్టండి. అరిగిన బ్లేడు అని చులకన చేయకండి. అది ఇంకా వేలు తెగ్గొట్టగలదు.

2. మార్కర్‌తో 20 నుంచి 25 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక జానెడు పొడవున్న పట్టీ గీసుకోండి. బ్లేడును వైస్‌లో గట్టిగా బిగించి, యాంగిల్ గ్రైండర్ కటింగ్ డిస్కుతో కోయండి. ఈ ఉక్కు గాజులాగా పెళుసు. వంచి విరవాలని చూస్తే ముక్క ఎగిరి మీదికే వస్తుంది.

3. కోసిన అంచులన్నీ సాన మీద నున్నగా చేయండి. ఉలిని ఆనించే లేత్ రెస్ట్ మీద జారే కింది అంచును ప్రత్యేకంగా గుండ్రం చేయండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. ఆ పదునైన అంచు రెస్ట్‌ను గీరేస్తుంది, తర్వాత ఏ ఉలి పెట్టినా ఆ గీతల్లో తట్టుకుంటుంది.

4. పట్టీ నిలువుగా నిలబెట్టి పట్టుకుంటారు కదా. పైనుంచీ కిందినుంచీ రెండు వాలులు పట్టి, అవి ముందు కలిసేచోట అంచు రానివ్వండి. రెండు వాలుల మధ్య కోణం 50 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే చాలు.

5. మొన దగ్గర ఉన్న మందం కంటే వెనక భాగం మందాన్ని ఒక్క పిసరు తగ్గించండి. ఎందుకంటారా? లోతుగా కోస్తున్నప్పుడు రెండు పక్కలా చెక్క పట్టేసి, వేడెక్కి, పొగ వస్తుంది. ఆ ఒక్క పిసరు సందు ఉంటే పట్టదు.

హై స్పీడ్ స్టీల్‌కు ఉన్న గొప్ప సుగుణం ఏమిటంటే, సాన పడుతున్నప్పుడు అంచు నీలంగా మారినా దాని గట్టిదనం పోదు. దాదాపు 550 డిగ్రీల సెల్సియస్ దాకా అది తట్టుకుంటుంది. అయితే బాగా వేడెక్కినదాన్ని ఒక్కసారిగా నీళ్లలో ముంచకండి, కంటికి కనిపించని బీటలు పడతాయి. పక్కన పెట్టి దానంతట దాన్ని చల్లారనివ్వండి. కమ్మరి కొలిమిలోనూ దీన్ని పెట్టించకండి. దీన్ని మళ్లీ గట్టిపరచాలంటే 1200 డిగ్రీల దగ్గరి వేడి, కచ్చితమైన కొలిమి కావాలి.

పాత ఆకురాయితో స్క్రేపర్: చేయవచ్చు, కానీ ఇలాగే చేయాలి

ఆకురాయితో ఉలి చేయడం పాత అలవాటు. ఉక్కు మంచిదే, కార్బన్ ఒక శాతానికి పైనే ఉంటుంది. అయితే ఆకురాయిని ఇనుమును రాయడానికి చేశారు, పక్కనుంచి దెబ్బ తినడానికి కాదు. అంత గట్టిగా ఉన్నది అంతే పెళుసుగా ఉంటుంది. దాని ఒంటి మీదున్న ప్రతి పన్ను మొదలూ ఒక చిన్న గాటు. విరిగితే అక్కడినుంచే విరుగుతుంది.

ఒక సందర్భం ఊహించండి. ఒక కుర్రవాడు అరిగిన ఆకురాయి చివరను గుండ్రంగా సాన పట్టి, పళ్లు అలాగే ఉంచి, తిరుగుతున్న తుమ్మ మొద్దుకు ఆనించాడు. చెక్కలో ఒక ముడి తగిలింది. ఉలి ముందు భాగాన్ని చెక్క కిందికి లాగింది. రెస్ట్ దగ్గర టప్పున విరిగిన ముక్క గాల్లోకి లేచింది. అది ఎటు ఎగురుతుందో ఎవరు చెప్పగలరు? అందుకే ఈ మెట్లలో ఏదీ దాటవేయకండి.

మందం 6 మిల్లీమీటర్లకు తగ్గని పెద్ద చదును ఆకురాయి తీసుకోండి. మూడు పలకల సన్నవి వద్దు. నాలుగు వైపులా పళ్లను మొదళ్లతో సహా సాన పట్టి తీసేయండి. తోక మొదలయ్యేచోట ఉన్న పదునైన మూలను గుండ్రంగా చేయండి.

తర్వాత దాని పెళుసుదనం తగ్గించాలి. వంటింటి ఓటీజీ చాలు. 230 డిగ్రీల దగ్గర పెట్టి రెండు గంటలు ఉంచి, చల్లారనివ్వండి. మెరిసేలా రుద్దిన చోట ఎండుగడ్డి రంగు కనిపిస్తుంది. అది అంచుకు సరిపోతుంది. రెస్ట్ మీద ఆనే ఒంటికి, తోకకు ఇంకా మెత్తదనం కావాలి. ముందు భాగాన్ని నీళ్లలో ఉంచి, తోక వైపునుంచి గ్యాస్ టార్చితో నెమ్మదిగా వేడి చేయండి. రంగులు వరసగా నడుస్తాయి: గడ్డి రంగు, గోధుమ, ఊదా, నీలం. ఒళ్లు నీలం రంగుకు రాగానే ఆపేయండి. నీలం అంటే సుమారు 300 డిగ్రీలు. ఇప్పుడు ఆ ఉలికి దెబ్బ తట్టుకునే ఒళ్లు, గీకగలిగే అంచు రెండూ వచ్చాయి.

అంచును 70 నుంచి 80 డిగ్రీల కోణంలో, అంటే దాదాపు నిలువుగా పట్టండి. సాన నుంచి తీయగానే అంచు మీద వేలికి తగిలే సన్నటి బొద్దు ఉంటుంది. స్క్రేపర్‌లో కోసేది అదే, రుద్ది తీసేయకండి. ఇది కార్బన్ ఉక్కు కాబట్టి సాన దగ్గర నీళ్ల డబ్బా పెట్టుకుని మాటిమాటికీ ముంచండి. అంచు నీలమైతే అక్కడ గట్టిదనం పోయినట్టే. ఆ నీలం పోయేదాకా అరగదీసి మళ్లీ మొదలుపెట్టాలి.

ఇంత శ్రమ దేనికి అనిపిస్తోందా? అయితే ప్లేనర్ బ్లేడు ముక్కతోనే చిన్న స్క్రేపర్ చేసుకోండి. రెస్ట్ మీదినుంచి ముందుకు ఎక్కువ చాచకుండా వాడితే చక్కగా పనిచేస్తుంది. రెండూ దొరికితే నేను బ్లేడునే ఎంచుకుంటాను.

కుంకుమ బరిణె లోపలికి వెళ్లే ఉలి

బరిణె నోరు చిన్నది, కడుపు పెద్దది. తిన్నటి ఉలి లోపలి గోడను అందుకోలేదు. దీనికి అలెన్ కీ భలే అక్కరకొస్తుంది. 6 లేదా 8 మిల్లీమీటర్ల అలెన్ కీ తీసుకోండి. అప్పటికే వంగి ఉంటుంది, గట్టిపడి ఉంటుంది. పొట్టి కాలును 10, 12 మిల్లీమీటర్లు మిగిలేలా కోసేయండి. దాని చివరను గుండ్రటి అంచుగా సాన పట్టండి. పొడుగు కాలును పిడిలో దించండి. అయిపోయింది.

పొట్టి కాలు ఎందుకంత పొట్టిగా ఉండాలి? కోసే మొన పిడి నడిమి గీతకు ఎంత పక్కకు ఉంటే చెక్క దాన్ని అంత బలంగా మెలితిప్పుతుంది. పొడుగు కొక్కెం చేతిలో గిర్రున తిరిగి, బరిణె గోడలోకి దిగిపోతుంది. మెలి మీ చేతికి తెలియకూడదు, అదే కొలత. దీని అంచు త్వరగా మొద్దుబారుతుంది. పరవాలేదు, ఒక్క నిమిషం సాన చాలు. బరిణె లోతు రెండంగుళాలు దాటితే మాత్రం దీంతో ప్రయత్నించకండి.

సీఎన్‌సీ షాపుల్లో వాడి పారేసే కార్బైడ్ ఇన్సర్టులతోనూ మంచి ఉలి వస్తుంది. 10 లేదా 12 మిల్లీమీటర్ల చదరపు ఇనుప కడ్డీ చివర ఇన్సర్టు కూర్చునేలా గూడు రాకి, 3.3 మిల్లీమీటర్ల బెజ్జం వేసి, 4 మిల్లీమీటర్ల మర తీసి, స్క్రూతో బిగించాలి. ఇక్కడ మెత్తని ఇనుము చాలు, ఎందుకంటే కోసేది ఇన్సర్టు. అల్యూమినియం కోయడానికి వాడే నునుపైన ఇన్సర్టులు అడగండి. స్టీలు కోసేవాటి అంచు చెక్కకు మొద్దు.

మీ ఊరి కమ్మరిని మరిచిపోకండి

మందపాటి, పెద్ద స్క్రేపర్ కావాలంటే లారీ కమాను పట్టీకి మించింది లేదు. విజయవాడ ఆటోనగర్ లాంటిచోట ముక్కలు దొరుకుతాయి. అందులో కార్బన్ సుమారు 0.5, 0.6 శాతం. అంచు ఆకురాయిదంత కాలం నిలవదు, కానీ విరగదు. మధ్యలో బోల్టు బెజ్జం ఉన్న భాగం వద్దు, ఏళ్ల తరబడి ఊగి ఊగి అక్కడ బీటలు పడి ఉంటాయి. చివరి ముక్క తీసుకోండి.

దాన్ని సాగదీసి తిన్నగా చేయడం మీ ఇంటి టార్చితో అయ్యే పని కాదు. కొలిమి ఉన్న కమ్మరి దగ్గరికి తీసుకెళ్లండి. కమాను పట్టీతో కత్తులు, కొడవళ్లు చేసి చేసి ఆయనకు ఆ ఉక్కు కొట్టిన పిండి. అయితే మీకేం కావాలో ముందే స్పష్టంగా చెప్పాలి.

"బాబాయ్, ఇది నరకడానికి కాదు. తరిణెకు ఉలి. ఒళ్లు తిన్నగా, మందం తగ్గకుండా కావాలి. కొసన రెండంగుళాలే పదను పెట్టు, నీళ్లలో కాదు, నూనెలో."

కాల్చేటప్పుడు మీరూ పక్కన నిలబడి చూడండి. ఎర్రబడిన ముక్కకు అయస్కాంతం అంటుకోవడం మానేస్తుంది. అది దాదాపు 770 డిగ్రీలు. అక్కడినుంచి ఇంకాస్త వేడెక్కనిచ్చి నూనెలో దించాలి. వేరుశెనగ నూనె చాలు, గోరువెచ్చగా ఉంటే ఇంకా మంచిది. వాడేసిన ఇంజన్ ఆయిల్ వద్దు, దాని పొగ విషం. నూనె ఇనుప డబ్బాలోనే ఉండాలి, పక్కన మూతా ఇసుకా సిద్ధంగా ఉండాలి. మంట లేస్తే మూత వేయాలి, నీళ్లు చల్లకూడదు. చల్లారాక ఆకురాయితో రాసి చూడండి. జారిపోతే పదను పట్టినట్టు. ఇంటికి తెచ్చి ఓటీజీలో పెట్టి పెళుసుదనం తీయడం మీ వంతు.

పిడి

పిడి కోసం కొత్త కర్ర కొనకండి. పాత నవారు మంచం కోళ్లు అటక మీద ఉన్నాయేమో చూడండి. ఎప్పుడో ఏ వడ్రంగో తరిణె పట్టిన కర్ర అది, ఏళ్లకేళ్లు ఆరి ఉంటుంది, ఇక బీట తీయదు. వాడని రోకలి ముక్కయినా మేలైనదే. స్క్రేపర్ పిడి ఒక అడుగుకు తగ్గకుండా ఉంచండి. వడ్రంగి ఉలి పిడిలా చిన్నది చేస్తే, చెక్క లాగినప్పుడు చేతికి ఎదురు పట్టు దొరకదు.

రోకలికి పొన్ను ఎందుకు వేస్తారు? కర్ర చీలకుండా. ఉలి పిడికీ పొన్ను తప్పనిసరి. ఏసీ మెకానిక్ దగ్గర పడి ఉండే రాగి గొట్టం ముక్క, పాత ఇత్తడి కొళాయి నట్టు, ఏదైనా సరే. పొన్ను పట్టేంత మేర కర్రను సన్నం చేసి, బిగువుగా దిగగొట్టండి. ఆ తర్వాతే బెజ్జం వేయండి. తోక కనీసం మూడంగుళాలు లోపలికి దిగాలి. పక్కల సందు ఉంటే ఎపాక్సీ నింపండి.

పిడికి పాలిష్ డబ్బా అక్కర్లేదు. అంకుడు కర్రతో ఏటికొప్పాకలో చేసే బొమ్మల మెరుపు చూశారుగా, 2017లో భౌగోళిక గుర్తింపు పొందినవి. అక్కడ తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని అదిమి పడతారు. రాపిడి వేడికే లక్క కరిగి పరుచుకుంటుంది. మొగలి ఆకుతో రుద్ది నిగ్గు తెస్తారు. మీ పిడి మీద ఆ పద్ధతి ప్రయత్నించండి, చేయి తిరుగుతుంది కూడా.

లేత్ ఆన్ చేసే ముందు

కొత్త ఉలిని గట్టి చెక్క మీద మొదలుపెట్టకండి. ముడులు లేని మెత్తని ముక్క బిగించి, తక్కువ వేగంలో, మిషన్‌కు పక్కగా నిలబడి ఆనించండి. ఉలిని ముందు రెస్ట్ మీద పెట్టి, ఆ తర్వాతే చెక్కకు తాకించాలి. రెస్ట్‌కూ చెక్కకూ మధ్య సందు అర సెంటీమీటరు దాటనీయకండి. కండువా, చున్నీ, వదులు చేతులు, చేతి గ్లవ్స్ ఏవీ వద్దు. ఉలి కిచకిచమన్నా, వణికినా ఆపి చూడండి: ఎక్కువ బయటికి చాచారా, అంచు మొద్దుబారిందా? బీట కనిపిస్తే ఆ ఉలిని బాగు చేయాలని చూడకండి, పాత ఇనుములోకే పోనివ్వండి.

రెండు వస్తువులను మాత్రం పాత సామాన్లలో వెతకొద్దు: ముఖం మొత్తం కప్పే షీల్డు, సాన చక్రం. వాడిన సాన చక్రంలో కనిపించని పగులు ఉంటే, నిమిషానికి 2800 చుట్ల వేగంలో అది ముక్కలై పేలుతుంది. ఉలుల మీద మిగిల్చిన డబ్బులో మొదటి రూపాయి ఈ రెండింటికీ ఖర్చు పెట్టండి. ఆ తర్వాత కోతమిల్లుకు వెళ్లి అరిగిన ప్లేనర్ బ్లేడు అడగండి.